నేల విడవని సాము

మా కాలనీ పార్కులో పొద్దున్నే ఆరున్నరకి పదకొండు మంది ఆడవాళ్ళం వేపచెట్టు కింద వరసగా నిలబడి, చేతులు మెల్లగా పైకెత్తి, మెల్లగా కిందికి దించుతూ వుంటాం. చూసేవాళ్ళకి అదేమిటో చప్పున బోధపడదు. రోజూ వాకింగుకొచ్చే పెద్దాయనొకరు రెండు నెలలు చూసి చూసి, ఆఖరికి వుండబట్టలేక, "ఏమ్మా, ఇది ఏ స్వామివారి ధ్యానం?" అని అడిగేశారు. మా అత్తగారైతే ఇంత మర్యాదగా అడిగే మనిషి కాదు. మొదట్లో నేను ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తూంటే చూసి, "గాలికి సున్నం వేస్తున్నావేమిటే?" అన్నారు.

ధ్యానమూ కాదు, సున్నమూ కాదు. అది సాము. అచ్చంగా కొట్లాట విద్య. పేరు తాయ్ చీ. చైనావాళ్ళు పూర్తి పేరు చెప్పేటప్పుడు తాయ్ చీ చువాన్ అంటారు. ఆ చివరి మాటకి అర్థం పిడికిలి. చూడ్డానికి నిద్రలో నడుస్తున్నట్టుండే ఆ కదలికల్లో ప్రతిదానిలోనూ ఒక దెబ్బో, దెబ్బ కాచుకునే ఒడుపో దాక్కుని వుంటుంది. "మబ్బుల్లా చేతులాడించడం" అని ఒక భంగిమ వుంది. పేరు వింటే భావకవిత్వం. నిజానికది మొహం మీదకొచ్చే చేతిని పక్కకి తప్పించే ఉపాయం!

ఈ విద్య నాకెలా అంటుకుందో ముందు చెప్పాలి.

1994లో మావారికి సింగపూరులో వుద్యోగం వచ్చింది. నేనిక్కడ బ్యాంకులో చేస్తున్న వుద్యోగానికి రాజీనామా ఇచ్చి, పిల్లాణ్ణి తీసుకుని ఆయన వెనక వెళ్ళాను. తోవా పాయో అనే పేటలో మా ఫ్లాటు. అక్కడ ప్రభుత్వం కట్టించిన ఎత్తయిన భవనాల్లో కింది అంతస్తుని గోడల్లేకుండా, స్తంభాల మధ్య ఖాళీగా వదిలేస్తారు. మలయావాళ్ళ పెళ్ళి విందులూ అక్కడే, చైనావాళ్ళ చావు కార్యక్రమాలూ అక్కడే, పొద్దునపూట పెద్దవాళ్ళు తాయ్ చీ చేసేదీ అక్కడే. పిల్లాణ్ణి స్కూలు బస్సెక్కించాక, పలకరించే మనిషి లేక, ఓ స్తంభం పక్కన నిలబడి వాళ్ళని చూస్తూండేదాన్ని. నేర్పే ఆవిడకి డెబ్భైకి దగ్గరపడ్డ వయసు. బక్కపల్చటి మనిషి. అందరూ ఆంటీ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను "గర్ల్" అనేవారు. ముప్ఫయ్యయిదేళ్ళు మీదపడ్డాక, ఒక పిల్లాడి తల్లినయ్యాక, నన్ను అమ్మాయీ అని పిలిచే మనిషి దొరికిందంటే ఇంకేం కావాలి చెప్పండి! మర్నాటినించీ వరసలో చేరిపోయాను.

మొదటి మూడు నెలలూ ఆంటీ నాకు చేతులు కదపడం నేర్పలేదు. నిలబడ్డం నేర్పారు. మోకాళ్ళు కాస్త వంచి, బరువంతా ఒక కాలి మీదకి తెచ్చి, మళ్ళీ రెండో కాలి మీదకి మార్చడం. అంతే. నాకు విసుగొచ్చి, "ఇంకెప్పుడు నేర్పుతారు?" అంటే, "ముందు నీ పాదాలెక్కడున్నాయో తెలుసుకో" అన్నారు. ఎప్పుడో విన్న మన సామెత గుర్తొచ్చింది: నేల విడిచి సాము చెయ్యకు. చీరల కొట్లో అమ్మ కాస్త ఖరీదైన చీర వంక చూసిందంటే చాలు, మా నాన్నగారు ఆ మాట అనేవారు. దాన్ని నిజంగా సాముకే వాడాలని నాకు తట్టడానికి సముద్రం దాటి వెళ్ళాల్సొచ్చింది.

ఈ విద్య చైనాలో హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశం వాళ్ళ పల్లెలో, పదిహేడో శతాబ్దంలో మొదలైందని ఎక్కువమంది చెప్పే మాట. పందొమ్మిదో శతాబ్దంలో యాంగ్ లూచాన్ అనే ఆయన (1799-1872) ఆ పల్లెలో నేర్చుకుని, బీజింగులో నేర్పాడు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ దాన్ని 24 భంగిమల చిన్న వరసగా కుదించింది. ఆరు నిమిషాల్లో అయిపోతుంది. పార్కుల్లో మాలాంటివాళ్ళు చేసేది ఎక్కువగా అదే. 2020లో యునెస్కోవారు దీన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వాల పట్టికలో చేర్చారు. ఇక ఆరోగ్యం సంగతంటారా, అమెరికాలో పార్కిన్సన్ జబ్బున్న 195 మంది మీద జరిగిన ఒక పరిశోధన 2012లో అచ్చయింది. వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తాయ్ చీ చేసినవాళ్ళకి, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ళకన్నా నిలకడ పెరిగింది, పడిపోవడాలు తగ్గాయి.

2008లో మేం హైదరాబాదు తిరిగొచ్చాక మా పార్కులో నా దగ్గరికి చేరినవాళ్ళు కూడా చాలామటుకు మోకాళ్ళ కోసం వచ్చినవాళ్ళే. కొట్లాట నేర్పుతానంటే ఒక్కరూ వచ్చేవాళ్ళు కారేమో!

అయితే నేను రాయాలనుకున్నది మోకాళ్ళ గురించి కాదు.

తాయ్ చీలో ఒంటరిగా చేసే వరసే కాక, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసే సాధన ఒకటుంది. చైనాభాషలో తుయి షౌ అంటారు. మనం 'తోపుడు చేతులు' అనుకుందాం. ముంజేతులు ఆనించుకుని ఒకరు మెల్లగా తోస్తారు, రెండోవాళ్ళు ఎదురు తొయ్యకుండా నడుము తిప్పుతూ ఆ తోపుని పక్కకి పోనిస్తారు. బలానికి బలం ఎదురు పెట్టకూడదు. ఎదుటివాడి బలమే వాణ్ణి తూలేట్టు చేస్తుంది. ఇదంతా వినగానే మన ఆడవాళ్ళకి ఎంత హాయిగా వుంటుందో చూశారా? "ఇదేగా మేం పుట్టినప్పట్నించీ చేస్తున్నది!" అనిపిస్తుంది. సర్దుకుపోవడం, తగ్గి వుండడం, మాటకి మాట అనకపోవడం... వీటికి చైనాలో ఒక శాస్త్రమే వుందన్నమాట!

నాకూ అలాగే అనిపించింది. అక్కడే నేను పప్పులో కాలేశాను.

తోపుడు చేతుల్లో తప్పులు రెండని ఆంటీ మొదటి రోజే చెప్పారు. ఒకటి, మొరాయించి ఎదురు తొయ్యడం. దాన్ని డింగ్ అంటారు. రెండోది డియూ, అంటే జారవిడవడం. ఎదుటివాళ్ళు తోస్తారేమోనని ముందే వెనక్కిపోవడం, ఒళ్ళు చచ్చుబడినట్టు వదిలెయ్యడం. రెండోది కూడా మొదటి దానంత తప్పే. ఆంటీ నాకు దీన్ని మనవడి బంతితో చూపించారు. గాలి నిండిన బంతిని నొక్కితే లోపలికి పోతుంది. కానీ లోపల గాలి వుంది కాబట్టి, చెయ్యి తియ్యగానే తన ఆకారానికి తను వస్తుంది. తడిగుడ్డని నొక్కినా లోపలికే పోతుంది. చెయ్యి తీశాక కూడా అలాగే పడి వుంటుంది. రెండూ మెత్తగానే వున్నాయి. కానీ రెండూ ఒకటేనా?

ఈ పాఠం నాకు కంఠతా వచ్చు. మా పార్కులో ఎన్నిసార్లు అప్పజెప్పానో లెక్కలేదు.

కొన్నేళ్ళ కిందట మా వరసలో ఒక అమ్మాయి చేరింది. ముప్ఫయ్యేళ్ళు దాటి వుంటాయి. (ఆ అమ్మాయిని అడిగే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.) మిగతా వాళ్ళందరికీ తోపుడు చేతులంటే గొప్ప యాతన. ఒకావిడ చెయ్యి తాకితే చాలు కర్రలా బిగుసుకుపోతుంది. ఇంకొకావిడ నవ్వాపుకోలేదు. ఈ అమ్మాయి మాత్రం మొదటి రోజునించే నీళ్ళు. ఎటు తోస్తే అటు పోయేది. చేతికి ఎక్కడా అడ్డు తగిలేది కాదు. నా ఆనందం ఇంతా అంతా కాదు. అందర్నీ నిలబెట్టి, "చూడండి, మెత్తదనమంటే అదీ! ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అని మెచ్చుకున్నాను. ఒక్కసారి కాదు, నెలన్నర పాటు మెచ్చుకుంటూనే వున్నాను.

ఒకరోజు ఆమె మోచెయ్యి కాస్త పైకి లేచిందని సరిచెయ్యబోయాను. పక్కనించి వచ్చానేమో, ముందు చెప్పకుండా చెయ్యెత్తానేమో... ఆమె రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ భుజాల్లోకి ముడుచుకుంది.

ఒక్క క్షణం. అంతే. మళ్ళీ చేతులు దించి, "సారీ ఆంటీ, వేరే ఆలోచనలో వున్నాను" అంది.

ఆ పూట ఇంటికొచ్చి కాఫీ కూడా తాగలేకపోయాను. ఆ అమ్మాయి నా దగ్గర మెత్తదనం నేర్చుకోలేదు. నేర్చుకునే వచ్చింది. ఏ ఇంట్లో, ఎన్నేళ్ళు, ఎవరి చేతి కింద నేర్చుకుందో! నేను తాకకముందే వెనక్కిపోవడాన్ని చూసి నేర్పు అనుకున్నాను. పదిమంది ముందు నిలబెట్టి, అలాగే వుండమని మెచ్చుకున్నాను. బంతికీ తడిగుడ్డకీ తేడా నోటితో చెప్పడం వచ్చిన నాకు, చేతికి తగిలినప్పుడు తెలియలేదు. ఎందుకు తెలియలేదంటారా? మనకి చిన్నప్పట్నించీ ఆ రెండిటినీ ఒకే పేరుతో మెచ్చుకోవడం అలవాటు గనక. "ఎంత ఓర్పమ్మా!" అంటాం. ఆ ఓర్పు లోపల గాలి వుందో లేదో ఎవరూ నొక్కి చూడరు.

యుద్ధవిద్య నేర్పే గురువులకి ఎక్కడైనా ఒక భయం వుంటుంది. నేర్పిన బలాన్ని వీడు ఎవడి మీద చూపిస్తాడో అని. మన పక్కనే కేరళలో కళరిపయట్టు వుంది కదా. అందులో ముందు ఒళ్ళు వంచే కసరత్తులు, తరవాత కర్రలు, ఆ తరవాత కత్తులు, వట్టిచేతుల పోరు ఆఖర్న వస్తుంది. మర్మస్థానాల రహస్యమైతే, శిష్యుడి స్వభావం ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశాక గాని చెప్పరు. వడకరలో మీనాక్షి అమ్మ గారు ఏడో ఏట ఆ విద్య మొదలుపెట్టి, ముసలితనంలో కూడా చీర కచ్చ బిగించి కత్తి తిప్పారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కళరి గురువులు దెబ్బ కొట్టే చోట్లు తెలిసినవాళ్ళే కాదు, దెబ్బ తగిలిన చోటుకి నూనె రాసి వైద్యం చేసేవాళ్ళు కూడా. చెయ్యి ఒకటే. దాన్ని ఎవరికివ్వాలన్నదే వాళ్ళ చింత.

నా భయం అది కాదని ఆ రోజు తెలిసింది. నా దగ్గరికొచ్చే పదకొండు మందిలో ఎవరో బలాన్ని దుర్వినియోగం చేస్తారన్న బెంగ నాకక్కర్లేదు. మెత్తదనాన్ని దుర్వినియోగం చేస్తారేమోనని బెంగపడాలి. నేనిచ్చే సాధన వాళ్ళకి ఇంకా బాగా అణిగి వుండడం నేర్పితే? "తాయ్ చీ చేస్తున్నప్పట్నించీ నాకు కోపమే రావడం లేదండీ" అని ఎవరైనా అంటే ఇదివరకు పొంగిపోయేదాన్ని. ఇప్పుడు, ఆ కోపం కరిగిపోయిందా, కిందెక్కడో గూడు కట్టుకుందా అని చూస్తున్నాను.

మర్నాడు ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, "ఇవాళ నువ్వు నన్ను తొయ్యి" అన్నాను.

"మిమ్మల్నా! అయ్యో, తప్పు కదా ఆంటీ."

"గురువు చెప్తే తప్పులేదు. తొయ్యి."

చెయ్యి ఆనించింది. తోపు మాత్రం రాలేదు. పదిరోజులైనా రాలేదు. పెద్దవాళ్ళని తొయ్యకూడదంది. నాకు దెబ్బ తగులుతుందంది. చేతులకి బలం లేదంది. నీళ్ళ బిందెలూ గ్యాసు సిలిండర్లూ ఎత్తే చేతులకి బలం లేదట! చివరికి ఆంటీ నాకు చేసిన వైద్యమే ఆమెకి చేశాను. చేతుల మాట మానేసి, పాదాల మీద నిలబెట్టాను. బరువు ఈ కాలి మీదకి, ఆ కాలి మీదకి. ఇది నీ చోటు. ఇక్కణ్ణించి నువ్వు వెనక్కి పోవచ్చు, ముందుకీ రావచ్చు, వుండనూ వచ్చు. నీ ఇష్టం.

మూడో నెలలో ఒక పొద్దున తోసింది. నేను రెండడుగులు వెనక్కి తూలి వేపచెట్టుకి ఆనుకున్నాను. ఆమె పరుగున వచ్చి, "సారీ ఆంటీ, దెబ్బ తగిలిందా?" అని నా చెయ్యి పట్టుకుంది. వరసలో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వి, వెంటనే ఏడ్చేసింది.

కథ ఇక్కడ ఆపితే బావుండును. కానీ వారం తరవాత ఆమె నన్నొక మాట అడిగింది. "ఆంటీ, ఇంట్లో చెయ్యెత్తితే... నేను కూడా తొయ్యొచ్చా?"

ముప్ఫయ్యేళ్ళ సాధనలో నన్నెవరూ అంత కష్టమైన ప్రశ్న అడగలేదు. "తొయ్యి" అనడం తేలిక. సినిమాల్లో అయితే అదే చెప్తారు. కానీ ఇరుకు వంటింట్లో, తనకన్నా పాతికకిలోలు బరువెక్కువున్న మనిషిని తోసినామె మీదకి ఆ తోపు రెట్టింపై తిరిగి వస్తే, పార్కులో చప్పట్లు కొట్టిన మేమెవరం అడ్డం వుంటాం? తన ధైర్యాన్ని ఎదుటివాళ్ళ ఒంటితో పరీక్షించే గురువు గురువు కాదు. పోనీ "తొయ్యకు, ఓర్చుకో" అనడమా? అది నా నోటివెంట ఈ జన్మలో రాదు.

"నేను నేర్పింది తొయ్యడం కోసం కాదమ్మా. నువ్వు కదలగలవని నీకు తెలియడం కోసం. వెనక్కే కాదు, పక్కకీ కదలొచ్చు. గోడ వైపు కాకుండా తలుపు వైపు కదులు. తలుపు దాటాక ఎక్కడికి వెళ్ళాలో ఇవాళే అనుకుందాం" అన్నాను. ఇద్దరం బల్ల మీద కూచుని అనుకున్నాం. గృహహింస నించి రక్షణకి 2005లో చేసిన చట్టం వుందనీ, అది 2006 నించీ అమల్లో వుందనీ, 181కి ఫోను చేస్తే సహాయం దొరుకుతుందనీ, భర్త పేరున వున్న ఇంట్లో అయినా సరే భార్యకి వుండే హక్కుని ఆ చట్టం కాపాడుతుందనీ నాకు తెలిసినంత చెప్పాను. ఇవేవీ తాయ్ చీ పుస్తకాల్లో వుండవు. కానీ నేల అంటే మన అరికాళ్ళ కిందున్న మట్టి ఒక్కటేనా? చట్టం ఒక నేల. చేతిలో వున్న నాలుగు రూపాయలు ఒక నేల. అర్ధరాత్రి తలుపు తీసే అక్క ఒక నేల. ఇవేవీ లేకుండా ధైర్యంగా వుండమని చెప్తే అదే నేల విడిచి సాము.

కొన్ని వారాలకి ఆమె వచ్చి మెల్లగా చెప్పింది. "మళ్ళీ చెయ్యెత్తారాంటీ. నేను వెనక్కి పోలేదు. పక్కకి తిరిగాను. బాబుని తీసుకుని పై అంతస్తులో అక్కావాళ్ళింటికి వెళ్ళిపోయాను." నా గుండె ఒక పక్క గుభేలుమంది, ఒక పక్క నిండిపోయింది. ఆ తరవాత ఆమె అన్నగారు రావడం, మాటలూ, కాగితాలూ... అదంతా ఆమె సంసారం. నేను రాయను.

నేను రాయాల్సింది నా సంగతి. ఆ రోజునించీ నా పాత లెక్కలు తిరగేస్తున్నాను. 1994లో బ్యాంకు వుద్యోగం వదిలి వెళ్ళానే, అది వంగడమా, లొంగడమా? మావారు మంచివారే. బలవంతపెట్టలేదు. అసలు ఆయన అడగనేలేదు, నేను చెప్పనేలేదు. తాకకముందే వెనక్కిపోయాను. ఆంటీ భాషలో అది డియూ. అత్తగారి మాటలకి జవాబు చెప్పకుండా వూరుకున్న రోజుల్లో మాత్రం కొన్నిట్లో నాకు లోపల గాలి నిండుగానే వుండేదని ఇప్పటికీ నమ్ముతాను. ఆవిడ నోరు పెద్దది, మనసు చిన్నది కాదు. కావాలని తగ్గాను, మళ్ళీ నా ఆకారానికి నేనొచ్చాను. బయటినించి చూసేవాళ్ళకి ఆ రెండు మౌనాలూ ఒక్కలాగే వుంటాయి. తేడా నాకొక్కదానికే తెలియాలి. చాలా ఏళ్ళు నాకూ తెలియలేదు.

జపానులో కైకో ఫుకుదా (1913-2013) అనే ఆవిడ వుండేవారు. అయిదడుగుల ఎత్తు కూడా లేని మనిషి. 1882లో జూడో స్థాపించిన కానో జిగోరో గారి శిష్యురాలు. జూడోలో 'జూ' అంటే మెత్తదనమే. ఆడదన్న కారణాన ఆవిణ్ణి ఐదో డాన్ దగ్గర ఏళ్ళ తరబడి ఆపేశారు. 1972లో గాని ఆరో డాన్ ఇవ్వలేదు. ఆవిడ తగువు పెట్టుకుని విద్యని వదిలిపోలేదు, నాకింతే ప్రాప్తమని చాప చుట్టెయ్యనూ లేదు. అమెరికా వెళ్ళి, వేలు లెక్కపెట్టకుండా నేర్పుతూ వుండిపోయారు. 98వ ఏట, 2011లో, అమెరికా జూడో సంస్థ ఆవిడకి పదో డాన్ ఇచ్చింది. వంగి, లొంగకుండా వున్న మనిషిని చూపించమంటే నేను ఆవిణ్ణి చూపిస్తాను. కానీ తొంభై ఎనిమిదేళ్ళు ఆగమని ఏ అమ్మాయికీ చెప్పే ధైర్యం నాకు లేదు.

కాబట్టి ఇప్పుడు నా వరసలో ఒక నియమం పెట్టాను. కొత్తగా ఎవరొచ్చినా, తప్పుకోవడం నేర్పేముందు తొయ్యడం నేర్పుతాను. తొయ్యగలిగీ తొయ్యని చెయ్యి మెత్తగా వుంటే, అది ఓర్పు. తొయ్యడమే తెలియని చేతిని ఓర్పు పేరు పెట్టి మెచ్చుకోవడం ఇక నావల్ల కాదు.

మొన్న ఆ వాకింగు పెద్దాయన మళ్ళీ వచ్చారు. మనవరాల్ని వెంట తెచ్చారు. పదేళ్ళ పిల్ల. "అదేమిటో ధ్యానంట, కాసేపు నిలబడు" అని ఆ పిల్లకి చెప్తున్నారు. ఆ అమ్మాయి నాకన్నా ముందే అందుకుంది.

"ధ్యానం కాదండీ బాబాయిగారూ, సాము" అంది. తరవాత ఆ పిల్ల వైపు తిరిగి, "చెప్పులు విప్పి రామ్మా. ముందు పాదాలు చూద్దాం" అంది.